బధిరత్వము: తార్కికుని ఉత్తరము, వైద్యుని ఉత్తరము

మెతుకుసీమయని పేరొందిన ప్రాంతమున, మెదక్ పట్టణమునకు సమీపముననే కొల్చారమను గ్రామము కలదు. కోలాచల మల్లినాథసూరి ఇంటిపేరు ఈ గ్రామమును బట్టి వచ్చినదే. రఘువంశ, కుమారసంభవ, మేఘదూతములకు సంజీవనీవ్యాఖ్యను రచించినవానిగా ఆయనను సంస్కృతము చదివినవారందఱు నెఱుగుదురు. వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటకమను వ్యాఖ్యను సైతము ఆయనయే రచించెనని తెలిసినవారు తక్కువ. కావ్యరసమును విప్పిచెప్పిన ఆ పండితుడు న్యాయవైశేషికములందును అంతటి నిష్ణాతుడు. ఆ దర్శనములలో శ్రోత్రమును గూర్చిన ప్రశ్న యొకటి కలదు. చెవి యనగా ఆకాశమే యైనచో, చెవిటితనమెట్లు సంభవించును?

ఈ ప్రశ్న తేలికయైనది కాదు. శబ్దము ఆకాశగుణము. దానిని గ్రహించు ఇంద్రియము ఆకాశమే కావలెను. ఆకాశము సర్వవ్యాపకము గనుక అందఱు అన్ని శబ్దములను వినవలసివచ్చును. అందుచేత కర్ణశష్కులిచే, అనగా చెవిదొప్పలోని కుహరముచే, పరిచ్ఛిన్నమైన ఆకాశమే శ్రోత్రమని తార్కికులు నిర్ణయించిరి. దూరమున పుట్టిన శబ్దము నీటిలో అల తరువాత అలవలె, లేదా కదంబపుష్పము అన్నివైపుల ఒక్కమాఱు వికసించినట్లుగా, శబ్దాంతరములను పుట్టించుచు చెవిని చేరునని వివరించిరి. ఇంతవరకు సమంజసముగనే యున్నది. చిక్కు దీని తరువాత వచ్చును. ఆకాశము నిత్యము, నిరవయవము. అది చెడునది కాదు. బధిరుని కర్ణకుహరమునందును ఆ యాకాశమే యున్నది. మఱి అతడేల వినడు?

ప్రశస్తపాదుని సమాధానమిది: ఆ ఆకాశభాగము ప్రాణి యొక్క ధర్మాధర్మములచే, అనగా అదృష్టముచే, సహకృతమైనప్పుడే శ్రోత్రమగును, ఆ సహకారము లోపించినచోట బధిరత్వము. తర్కదృష్టితో ఇందు దోషము లేదు. అయినను చెవిటిబిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లికి ఈ సమాధానము ఏ ద్వారమును తెఱవదు. ఇచట ఒక విషయము గుర్తించదగినది. వైశేషికసూత్రములలో అయస్కాంతమువైపు సూది కదలుటకును, అగ్నిజ్వాల ఊర్ధ్వముగా పోవుటకును అదృష్టమే కారణముగా చెప్పబడినది. కంటికి కనబడని కారణమునకు అది పెట్టిన పేరు. సూదికి పాపపుణ్యములు లేవు గదా! అదృష్టమనగా వెంటనే పూర్వజన్మదండనమని తలచుట మన తొందరపాటు.

అదే ప్రశ్నను వైద్యులు వేఱొక త్రోవలో చూచిరి. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున కర్ణరోగములు 28. కర్ణశూల, కర్ణనాదము, బాధిర్యము, కర్ణస్రావము, గులిమి గట్టిపడుట, పురుగు చేరుట మొదలుగా వాని గణన సాగును. (సాంఖ్యకారిక చెప్పిన అశక్తులును 28, ఇంద్రియవైకల్యములను లెక్కించు వాచస్పతిమిశ్రుడు బాధిర్యముతోనే ఆరంభించును. సంఖ్యలు కలియుట యాదృచ్ఛికమే.) వాతము ఒంటరిగానో, కఫముతో కూడియో శబ్దవాహక సిరలను ఆక్రమించి నిలుచుట బాధిర్యకారణమని సుశ్రుతుని మతము. ఇందు ముఖ్యమైన మాట మఱొకటి కలదు: ప్రతీకారము చేసికొనని వానికే ఆ చెవుడు నిశ్చయమగునని ఆయన చెప్పెను. శారీరస్థానమున చెవి వెనుక క్రిందిభాగమున 'విధుర'మను మర్మమును గుర్తించి, అచట దెబ్బ తగిలిన బాధిర్యము కలుగునని హెచ్చరించెను. సిరావేధము చేయు వైద్యుడు శబ్దమును వహించు సిరను ముట్టరాదని నియమించెను. చికిత్సలో స్వేదనము, స్నేహపానము, బిల్వతైలముతో కర్ణపూరణము కనబడును. ఆ తైలము నేటి పరీక్షకు నిలుచునా యనునది వేఱు విషయము. దెబ్బ, అడ్డంకి, స్రావము అను దృష్టకారణములను వెదకు బుద్ధియే ఇచట విలువైనది. వైద్యులందఱును సమముగా ధైర్యము చూపలేదు. బాల్యమున కలిగినది, వార్ధక్యమున కలిగినది, చిరకాలికమైనది అగు చెవుడు అసాధ్యమని తరువాతి గ్రంథములు విడిచిపెట్టినవి.

ఈ భేదము శాస్త్రచర్చతో ముగియలేదు, ఆస్తిపాస్తులను గూడ తాకినది. పుట్టుచెవిటివానికి దాయభాగము లేదని, పోషణము మాత్రమే యని మనుస్మృతి విధించినది. మెతుకుసీమకు పడమట, నేటి బీదరు జిల్లాలోని కల్యాణమున, చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించెను. నిషేధమును ఆయన తొలగింపలేదు. కాని విభాగానంతరము ఔషధాదులచే దోషము పోయినచో వానికి భాగము కలదని స్పష్టపఱచెను. అనగా ధర్మశాస్త్రవేత్త ఈ యంశమున వైద్యుని పక్షము వహించెను. చెవుడు కుదిరినచో హక్కు తిరిగి వచ్చును. అటుపిమ్మట కొన్ని శతాబ్దములు గడచిన తరువాతగాని, 1928 నాటి శాసనముతో బ్రిటిషు ఇండియాలోను, 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో మనకందఱకును, ఆ నిషేధము తొలగలేదు. పాతచట్టము క్రింద ఎందఱు బధిరులు తమ సోదరుల దయపై బ్రతికిరో!

శబ్దవాహకమైన మార్గము నిజముగా ఎట్లుండునో పందొమ్మిదవ శతాబ్దిలో తెలియవచ్చెను. శబ్దతరంగము కర్ణభేరిని కంపింపజేయును. సుత్తి, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న యెముకలు ఆ కంపనమును లోపలికి చేరవేయును. అంకవన్నె శరీరమునందలి ఎముకలన్నిటిలో చిన్నది. లోపల శంఖమువలె సుమారు రెండున్నఱకు పైబడి చుట్లు తిరిగిన కర్ణావర్తము ద్రవపూర్ణమై యుండును. అందలి రోమకణములను 1851లో కోర్తి యను ఇటలీ పండితుడు వర్ణించెను. వాయువు చెవిని చేరి శ్రోత్రమును సంస్కరించునని మీమాంసకులు చెప్పిన మాట కర్ణభేరి విషయమున చాలవఱకు సరిపోవును. తార్కికులు ఊహింపనిది రోమకణము. అది నశించినచో మఱల పుట్టదు. ఏడుపాయల జాతరలో గాని మఱియెక్కడ గాని నిలువెత్తు ధ్వనివర్ధకముల ముందు రాత్రియంతయు నిలిచిన భక్తులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్లులను మించిన ధ్వని ప్రమాదకరమని వైద్యుల నిర్ణయము. శ్రవణభక్తికి శ్రోత్రమునే బలియిచ్చుట యేమి న్యాయము?

దోషమెచటనున్నదో తెలిసికొనుటకు 1855లో రిన్నె చూపిన పరీక్ష సులభమైనది. మ్రోగుచున్న శ్రుతిదండమును చెవి వెనుకనున్న ఎముకకు ఆనించి, పిమ్మట చెవి ముందుంచుదురు. గాలి ద్వారా వినబడుటకంటె ఎముక ద్వారా ఎక్కువ వినబడినచో అడ్డంకి వెలుపలిచెవిలోనో, మధ్యకర్ణములోనో యున్నది. అట్టి చెవుడు గులిమి తీయుటచేతనో, శస్త్రచికిత్సచేతనో చాలసారులు కుదురును. రెండును తగ్గి, గాలి ద్వారానే ఎక్కువ వినబడినచో దోషము కర్ణావర్తమున లేక నాడియందు.

నోరులేని శిశువు జవాబు చెప్పలేదు గదా! 1978లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు కెంప్ ఆశ్చర్యకరమైన విషయమును కనుగొనెను. ఆరోగ్యముగల చెవి శబ్దమును వినుటయే కాక, తానును సూక్ష్మధ్వనిని వెలువరించును. నిద్రించుచున్న శిశువు చెవిలో చిన్న గొట్టముంచి ఆ ప్రతిధ్వనిని కొలుతురు. అది రానిచో మెదడుకాండపు విద్యుత్స్పందనమును పరీక్షింతురు. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలలోపు నిర్ణయము, ఆఱవ నెలలోపు సాధనము లేక శిక్షణము ఆరంభించుట ఆదర్శము. ఆలస్యమైనచో పోవునది వినికిడి మాత్రమే కాదు; మాటయు పోవును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పరీక్షించు లోపములలో పుట్టుచెవుడు ఒకటి. మెదక్ వారికి సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయసంస్థ ప్రాంతీయకేంద్రము అందుబాటులోనున్నది.

సాధనములు ఫలింపని వారి మాట యేమి? శ్రవణమనననిదిధ్యాసనములలో మొదటిదే వారికి మూసికొనిపోవునా? ఇందునకు ఉత్తరము మరల తర్కశాస్త్రమునందే దొరకును. ఆంధ్రుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు తన తర్కసంగ్రహదీపికలో చేష్టను, అనగా సంజ్ఞను, ప్రత్యేకప్రమాణముగా అంగీకరింపడు. ఏలయనగా చేతిసైగ శబ్దము ద్వారాను, అనుమానము ద్వారాను వ్యవహారమును నడుపునని ఆయన వాదము. సైగతో చెప్పిన మాట సైతము శబ్దప్రమాణపు పరిధిలోనికే వచ్చినది.