ఋషికుల్య మొగ దగ్గర

కార్తీక పూర్ణిమనాడు గోపాలపురం ఒడ్డున ఇసుక వేస్తే రాలదు. తెల్లవారకముందే బరంపురం నుంచి బస్సులూ, ఆటోలూ, మోటారు సైకిళ్ళూ బారులు తీరతాయి. ఒడియా కుటుంబాలవాళ్ళు అరటి దొప్పలతో, రంగు కాగితాలతో చిన్న పడవలు చేసి, అందులో దీపమూ తమలపాకూ వక్కా పెట్టి నీళ్ళమీద వదులుతారు. పూర్వం ఓడలెక్కి దూరద్వీపాలకు వ్యాపారానికి వెళ్ళిన సాధవులను తలచుకునే పండుగ అది. దాని పేరు బొఇత బందాణ. ఆ పక్కనే మన ఆడవాళ్ళు కార్తీక దీపాలు వదులుతారు. రెండు భాషల దీపాలూ ఒకే కెరటం మీద ఊగుతాయి.

చిన్నప్పటినుంచీ చూస్తున్న పండుగే. కాని ఈసారి లైట్ హౌస్ కింద నిలబడి చూస్తుంటే ఒక సందేహం కలిగింది. ఓడ ఎక్కిన వర్తకుణ్ణి తలచుకుంటున్నాం, బాగానే ఉంది. కాని ఆ రోజుల్లో ఈ తీరంలో ఓడ ఒడ్డుదాకా వచ్చేది కాదు. గంజాం నుంచి గోపాలపురం దాకా ఎక్కడా సహజమైన రేవు లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుని ఉండవలసి వచ్చేది. మధ్యలో మూడు నాలుగు వరసల కెరటాలు విరుగుతూ ఉంటాయి. మరి ఆ వర్తకుణ్ణి ఓడదాకా దాటించిందెవరు?

ఆ సందేహంతోనే మర్నాడు గోపాలపురం రద్దీ వదిలి గంజాం బస్సెక్కాను. బరంపురం నుంచి ఛత్రపురం మీదుగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ఋషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. గోపాలపురానికి వచ్చే యాత్రికులలో నూటికి తొంభైమందికి ఈ ఒడ్డు సంగతి తెలియదు. హోటళ్ళు లేవు, గుర్రపు స్వారీలు లేవు, బఠాణీల బండి కూడా లేదు. సరుగుడు తోపులు దాటితే పొడుగాటి ఇసుకతిన్నె. దానికి ఒక పక్క నది నీరు, ఇంకో పక్క సముద్రం. నది మొగ ఒక్కచోట ఉండదు. ఏటేటా ఇసుక పేరుకుని, వరదకు తెగి, అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. ఆవేళ నేను నడిచినంతమేరా ఎండ్రకాయల జాడలు తప్ప మనిషి అడుగు కనబడలేదు.

ఇంత నిశ్శబ్దంగా ఉన్న ఈ చోటు ఒకప్పుడు ఈ ప్రాంతానికంతటికీ వాకిలి. ఇదే నది ఒడ్డున, కాస్త లోపలికి వెళితే, జౌగడ కొండరాతిమీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. మొగకు ఉత్తరాన, చిలకకు దక్షిణపు కొసన పాలూరు అనే ఊరుంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో 'పలౌర' అని రాసిన రేవు ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తూర్పున సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచిపెట్టే చోటు దానికి దగ్గరలోనే ఉన్నదని టాలెమీ చెప్పాడు. కార్తీక పూర్ణిమనాడు మనం వదిలే దొప్పలకు మూలం అంత వెనక ఉంది.

ఇక కంపెనీ కాలానికి వద్దాం. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతోనూ, మరుసటి ఏడు నిజాముతో చేసుకున్న ఒడంబడికతోనూ ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి వశమయ్యాయి. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే దొర మొదటి రెసిడెంటుగా గంజాం వచ్చి, ఋషికుల్య ఒడ్డున కోట కట్టించాడు. దాన్నే పోతాగడ అంటారు. ఇప్పుడు మిగిలినవి పిచ్చిమొక్కల మధ్య గోడలే. అక్కడినుంచే జిల్లా పాలన నడిచింది. మద్రాసునుంచి దొరలూ, సిపాయిలూ, పెట్టెలకొద్దీ రూపాయలూ, మందుగుండూ ఓడలమీదే వచ్చేవి. ఇక్కడి ధాన్యం, నూనెగింజలు, బట్ట ఓడలమీదే వెళ్ళేవి.

ఓడకూ ఒడ్డుకూ మధ్య ఈ రాకపోకలన్నీ మన జాలరివాళ్ళ చేతులమీదుగానే జరిగాయి. వాళ్ళు నడిపిన పడవను దొరలు మసూలా బోటు అని రాసుకున్నారు. దానికి ఇనపమేకు ఒక్కటి కూడా ఉండదు. పలకలను కొబ్బరినారతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవ విరిగే కెరటంలో పడి నేలకు తగిలితే బద్దలవుతుంది. కుట్టిన పడవ వంగుతుంది, సర్దుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. ఆ కుట్టుపని, కెరటం లెక్క, ఏ అలమీద ఎక్కాలో ఏ అలను వదిలెయ్యాలో ఆ తెలివి ఏ బడిలోనూ నేర్పరు. సర్కారు వద్ద ఫిరంగులెన్ని ఉన్నా, ఒడ్డుదాకా వచ్చిన కలెక్టరు పడవవాడు 'ఇప్పుడు కాదు' అంటే ఆగవలసిందే.

1815లో గంజాం ఊరిని విషజ్వరాలు పట్టుకున్నాయి. జనం చాలామంది చనిపోయారు, మిగిలినవాళ్ళలో అనేకులు ఊరు వదిలిపోయారు. కచేరీలు బరంపురానికీ, తరువాత ఛత్రపురానికీ తరలిపోయాయి. జిల్లాకు పేరుమాత్రం గంజాం అనే మిగిలింది. వ్యాపారం దక్షిణానికి జరిగి గోపాలపురం పెరిగింది. 1871లో అక్కడ దీపస్తంభం వెలిగింది. ఈ ఒడ్డు మొదటిసారి ఖాళీ అయింది అప్పుడు.

గోపాలపురం పేరు చెబితే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది రంగం. రంగూనును మనవాళ్ళు అలాగే అనేవారు. మా తాతగారు తెచ్చిన టేకు పెట్టె ఒకటి మా ఇంట్లో ఉండేది. 'రంగం పెట్టె' అనేవాళ్ళం. మా నాయనమ్మ పట్టుచీరెలు అందులో ఉండేవి. ఆ రోజుల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, గోపాలపురం రేవుల్లో కూలీలను ఎక్కించుకుని రంగూను పోయేవి. మేస్త్రీ బయానా ఇచ్చి మనిషిని కట్టేసుకునేవాడు. వరికోతలయ్యాక ఊళ్ళకూళ్ళే కదిలేవి. ధాన్యం మిల్లుల్లోనూ, రేవులోనూ బరువులు మోసినది ఎక్కువగా మనవాళ్ళే. కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్ళు తెలుగువాణ్ణి 'కొరంగీ' అన్నారు. 1931 జనగణన నాటికి రంగూను నగర జనంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ఒక ఏడు ముందు, 1930 మే నెలలో, రేవు కూలీల సమ్మె దరిమిలా జరిగిన అల్లర్లలో బర్మా కూలీల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నది కూడా ఎక్కువగా ఆ కొరంగీలే.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుమీద బాంబులు వేశారు. ఓడలో చోటు దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకనివాళ్ళు అరకాను మీదుగానో, మణిపురం కొండలమీదుగానో లక్షల సంఖ్యలో నడిచారు. దారిలో ఆకలికీ, మలేరియాకూ, కలరాకూ ఎందరు పోయారో లెక్క తేలలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలమీద కూడా బాంబులు పడ్డాయి. దానితో రంగం దారి మూసుకుపోయింది. గోపాలపురం రేవూ మూతబడింది. 1987లో మళ్ళీ రేవు తెరిచేదాకా అక్కడ పాత గోదాముల గోడలే మిగిలాయి. యాత్రికులు ఆ గోడల ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు.

మా తాతగారు రంగం గురించి చాలా చెప్పేవారు. సూలే పగోడా, ధాన్యం మిల్లు ఈల, మేస్త్రీ తిట్లు. ఒడ్డునుంచి ఓడదాకా తీసుకెళ్ళిన పడవవాడి గురించి ఒక్కమాటైనా చెప్పినట్టు నాకు జ్ఞాపకం లేదు. మేమూ అడగలేదు.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల గ్రంథంలో గంజాం, విశాఖపట్నం తీరాల జాలరివాళ్ళను తెలుగు మత్స్యకారులుగానే రాశాడు. ఒడియావారు వాళ్ళను నోలియాలంటారు. పూరీలో స్నానానికి దిగే యాత్రికుల చెయ్యి పట్టుకుని కెరటం దాటించేవాడు, తలమీద గోపురం టోపీ పెట్టుకున్నవాడు, ఆ నోలియాయే. అతని ఇంట్లో మాట్లాడేది తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లాలో చాలాభాగం అందులో కలిసినప్పుడు బరంపురం తెలుగువాళ్ళం బాధపడ్డాం. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు అర్జీలు పెట్టుకున్నాం, సభలు చేసుకున్నాం. ఆ అర్జీల్లో తెలుగువాళ్ళ సంఖ్య ఎక్కువని చూపడానికి లెక్కకు వచ్చినవాళ్ళలో ఈ జాలరివాళ్ళూ ఉన్నారు. లెక్క అయ్యాక మన గ్రంథాలయాల్లో, మన సమాజాల్లో, మన ఉగాది కవి సమ్మేళనాల్లో వాళ్ళ ఊసు ఎంతవరకు ఉన్నదో గుండెమీద చెయ్యి వేసుకుని ఆలోచించాలి. తెలుగు పోతున్నదని మనం వ్యాసాలు రాసుకుంటున్నాం. ఒక తెలుగు ఊరే సముద్రంలోకి పోయినప్పుడు మనం ఏం రాశాం?

ఆ ఊరు పోడంపేట. ఋషికుల్య మొగకు దగ్గరలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న జాలరిపేట. సముద్రం కొన్నేళ్ళపాటు కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. పాత ఊరిలో జనం నిలవలేకపోయారు. లోపలికి జరిగి కొత్త ఇళ్ళల్లో ఉంటున్నారు. పాత ఊరి దగ్గర సగం కూలిన గోడలూ, తలుపులు లేని గుమ్మాలూ కనబడతాయి.

అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక ముసలమ్మను పలకరించాను. నేను ఒడియాలో మొదలుపెడితే, నా యాస పట్టేసి ఆమె తెలుగులోకి దిగింది.

"బాబూ, తమరు తెలుగోరేనా? ఏ ఊరు?"

"బరంపురం అమ్మా. మీ ఇల్లు ఎక్కడుండేది?"

చేత్తో సముద్రంకేసి చూపించింది. "అదిగో, ఆ కెరటం ఇరుగుతున్న సోట. అదే మా ఈది. ఆ ఎనకాల గుడి, గుడి ఎనక బావి. అన్నీ సంద్రంలోనే ఉన్నాయి బాబూ. మేవే పైకొచ్చేసినాం."

మీ పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారని అడిగాను. అడిగాక తప్పు చేశానని తోచింది. ఆమె నవ్వింది. "అందరూ అదే అడుగుతారు. ఈ ఊరోల్లూ అడుగుతారు, ఆంధ్రా ఎల్తే ఆల్లూ అడుగుతారు. మా తాతల తాతలు ఈడే పుట్టినారు, ఈడే సచ్చినారు. ఇంకెక్కడినుంచొస్తాం?"

నాకు జవాబు దొరకలేదు. బరంపురంలో నన్ను ఎవరైనా అదే ప్రశ్న వేస్తే నాకు ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు.

మాటల్లో తాబేళ్ళ సంగతి వచ్చింది. ఈ ఒడ్డుకు ఏటా చలికాలం చివర సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. శాస్త్రజ్ఞుల కంట ఈ సంగతి పడింది 1994లో. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. 2024లో ఆ గుంపులు రానేలేదు. ఒక్కొక్కటీ ఇసుకలో గొయ్యి తీసి నూరు గుడ్ల దాకా పెట్టి, కప్పేసి, వెళ్ళిపోతుంది. పిల్లలు బయటికొచ్చేటప్పుడు కుక్కలూ, కాకులూ ఎత్తుకుపోకుండా కాపలా కాసేవాళ్ళలో ఈ పేటల కుర్రవాళ్ళున్నారు. తాబేళ్ళ రక్షణకోసం మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపు సముద్రంలో నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం. ఏడు నెలలు. "అది కూర్మనాథసామి బాబూ, వలలో పడితే దండం పెట్టి ఒదిలేస్తాం. కాని ఏడు నెల్లు మా పొయ్యి ఎలా ఎలుగుద్ది?" అన్నదామె. ఆమె మనవలు కేరళకో, చెన్నపట్నానికో పనికి పోతారట. రంగం మూతబడినా ఇల్లు విడిచి కూలికి పోవడం తప్పలేదు.

మనవల బడి సంగతి అడిగాను. ఒడియా బడి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడం రాదు. అంటే ఈ ఊరి జ్ఞాపకాన్ని తమ భాషలో కాగితంమీద పెట్టగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఇక ఉండరు. ఆ పని ఎవరు చెయ్యాలి?

పోతాగడ కోటకు తారీకు ఉంది, కట్టించిన దొర పేరుంది. గోపాలపురం దీపస్తంభానికి సంవత్సరం ఉంది. ఆ దొరనూ, ఆ కోటలోకి వెళ్ళిన సరుకునూ, ఆ దీపం చూసి లంగరు వేసిన ఓడల్లోని మా తాతలనూ కెరటం దాటించినవాళ్ళకు ఎక్కడా ఒక పంక్తి లేదు. కుట్టుపడవ కట్టడం తెలిసిన చేతులు ఎన్నో మిగిలి లేవు. పాత పోడంపేట వీధులు ఏ వరసలో ఉండేవో చెప్పగలిగినవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు.

అందుకని ఈ పత్రిక చదివేవారికి నా మనవి ఒకటే. గంజాం తీరంలోనూ, పూరీలోనూ ఉన్న మన జాలరిపేటలకు వెళ్ళండి. పాతవాళ్ళు చెప్పేది వాళ్ళ మాటల్లోనే, ఆ యాస దిద్దకుండా రాసుకోండి. ఎవరింట్లోనైనా రంగం ఉత్తరాలూ, ఓడ టిక్కెట్లూ ఉంటే పారెయ్యకండి. నేను వచ్చే నెల మళ్ళీ ఆ ముసలమ్మ దగ్గరికి వెళతాను. పాత ఊరిలో ఏ ఇల్లు ఎవరిదో వరసగా చెబుతానన్నది. తెల్లకాగితాలు కుట్టుకుని ఒక పుస్తకం తయారు చేసుకున్నాను.