పంపు పిడి తీసిన రోజు

ఈ వారం మీకొక పాస్టరుగారి సంగతి చెప్పాలనుకుంటున్నాను. ఆయన ప్రసంగాల గురించి కాదు. ఒక డాక్టరుగారి మాట తప్పని చూపించాలని బయలుదేరి, అదే నిజమని చివరికి తానే రుజువు చేసిన సంగతి.

అది 1854వ సంవత్సరం. లండన్ నగరంలో సోహో అనే పేట. ఇరుకు ఇళ్లు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం. ఆగస్టు 31 రాత్రి అక్కడ కలరా విరుచుకుపడింది. మన పెద్దలు గత్తర అనీ, మరిడి అనీ భయంతో చెప్పుకున్న జబ్బు ఇదే. పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చివరికి ఆ లెక్క 616కు చేరింది. ఆ ఇళ్లలోకి పగలనక రాత్రనక వెళ్లి, చనిపోతున్నవారి పక్కన కూర్చున్నవాడు హెన్రీ వైట్‌హెడ్. సెయింట్ లూక్ సంఘంలో సహాయక పాస్టరు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

కలరా ఎందుకొస్తుందని ఆ రోజుల్లో అడిగితే, పేరున్న డాక్టర్లలో ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: చెడుగాలి. మురుగు కంపు పీలిస్తే వస్తుందట! కాదు, తాగే నీటి ద్వారా వస్తుందని వాదించినవాడు జాన్ స్నో. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం ఇచ్చిన డాక్టరు ఈయనే. చనిపోయినవారి ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే, ఎక్కువ భాగం బ్రాడ్ వీధి పంపు చుట్టూనే ఉన్నాయి. అదే వీధిలోని బీరు తయారీ కర్మాగారంలో పనివారు సుమారు 70 మంది. వారిలో ఒక్కరూ చనిపోలేదు. వారికి బీరు ఉంది, సొంత బావి ఉంది, ఆ పంపుతో పనిలేదు. స్నో వెళ్లి పేట పెద్దలకు చెప్పాడు. సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు.

మనం బడి పుస్తకాల్లో చదివే కథ ఇక్కడితో ముగుస్తుంది. పిడి తీశారు, కలరా పోయింది అని. కానీ జరిగింది అలా కాదండీ. అప్పటికే జనం పేట వదిలి పారిపోయారు, చావులు తగ్గుముఖం పట్టాయి. స్నో కూడా ఆ మాట ఒప్పుకున్నాడు. ప్రభుత్వ ఆరోగ్య మండలి ఆయన వాదనను కొట్టిపారేసింది.

వైట్‌హెడ్‌గారూ నమ్మలేదు. ఆయన కారణాలు ఆయనకున్నాయి. ఆ పంపు నీళ్లు చల్లగా, తేటగా ఉంటాయని పేటంతా మెచ్చుకునేది. తానూ తాగాడు, ఏమీ కాలేదు. పైగా ఆ నీళ్లే కడుపునిండా తాగి కోలుకున్న రోగులను కళ్లారా చూశాడు. (ఒంట్లో నీరు పోవడమే కలరాలో ప్రాణం తీస్తుందని నేడు మనకు తెలుసు. ఆనాడు ఎవరికి తెలుసు?) సంఘ పరిధిలో విచారణకు ఒక కమిటీ వేస్తే అందులో చేరి, గడప గడపా తిరగడం మొదలుపెట్టాడు. కొన్ని ఇళ్లకు నాలుగైదుసార్లు వెళ్లాడు. డాక్టరుకు చెప్పని మాటలు కూడా జనం ఆయనతో చెప్పారు. బిడ్డను పాతిపెట్టిన తల్లిని, ఆ వారం నీళ్లు ఎక్కడ తెచ్చుకున్నావమ్మా అని అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. లెక్క తేలింది. ఆ పంపు నీళ్లు తాగిన 137 మందిలో 80 మందికి జబ్బు చేసింది. తాగని 297 మందిలో 20 మందికే.

మరి నీటిలోకి విషం ఎలా వచ్చింది? 1855లో మరణాల రిజిస్టరు తిరగేస్తుంటే ఒక పేరు ఆయన కంటపడింది. బ్రాడ్ వీధి 40వ నంబరు ఇల్లు, ఐదు నెలల ఆడపిల్ల, విరేచనాలు. జబ్బు చేసింది ఆగస్టు చివర్లో, అంటే ఊరంతా పడిపోకముందే. ఆ ఇల్లు పంపుకు ఎదురుగానే ఉంది. తల్లిని అడిగితే, పిల్ల గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందరి మురుగుగుంటలో పోశానంది. తవ్వి చూశారు. ఆ గుంటకూ బావికీ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. ఇటుకలు పుచ్చి ఊడిపోయి ఉన్నాయి.

ఇంకొకటి వినండి. ఆ పసిపాప తండ్రి ఒక పోలీసు. అతనికి కలరా సోకింది సెప్టెంబరు 8న. సరిగ్గా పిడి తీసిన రోజునే! అతని మైల నీళ్లూ ఆ గుంటలోకే వెళ్లాయి. అతను బతకలేదు. అయితే అప్పటికి బావి నీరు తోడే దారి లేదు. పిడి తీయడం మొదటి దాడిని ఆపలేదు గాని, రెండోసారి ఊరు పడిపోకుండా కాపాడిందని చరిత్రకారులు చెప్పేది ఇందుకే.

స్నో 1858లోనే చనిపోయాడు, తన మాట గెలవడం చూడకుండానే. 1866లో తూర్పు లండన్‌లో మళ్లీ కలరా వచ్చినప్పుడు, వైట్‌హెడ్‌గారు విచారణకు సాయపడ్డారు. ఈసారి అధికారులు నీటివైపే చూశారు. పాస్టరుగారు 1896 వరకు బతికారు. ఆయన చదువుకునే గదిలో జాన్ స్నో పటం ఉండేది.