పోచంపల్లి ప్లాస్టిక్, పై చదువు



మాది పోచంపల్లి అని చెబితే హైదరాబాదు చుట్టాలు వెంటనే చీర గురించి అడుగుతారు. వాళ్ళకు తెలిసింది భూదాన్ పోచంపల్లి. 1951లో వినోబా భావేకు మొదటి భూదానం దొరికిన ఊరు, ఇక్కత్ నేతకు పేరున్న ఊరు. మనది కృష్ణగిరి జిల్లా పోచంపల్లి, వారపు సంత పోచంపల్లి. ఈ మధ్య మనదానికీ ఒక పేరు వచ్చింది. 2021 ఆగస్టు 15న ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ విడుదలైంది కదా, దాని ఫ్యాక్టరీ మన తాలూకాలోనే ఉంది.

మన కాలంలో స్కూటర్ అంటే చేతక్. ఒళ్ళంతా ఇనుప రేకు. ఇప్పటి స్కూటర్లలో చాలావాటికి లోపలి ఫ్రేమ్ ఉక్కే అయినా పైన కనిపించేది ఎక్కువగా ప్లాస్టిక్. చూసేవాళ్ళు రంగు చూస్తారు, ఏ ప్లాస్టిక్ అని ఎవరూ అడగరు. బ్యాటరీ పెట్టె ఏ వస్తువుతో చేయాలి, అది నిప్పుకు ఎంతసేపు ఆగుతుంది అనే ప్రశ్న 2022లో దేశంలో అక్కడక్కడ ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిన వార్తలు వచ్చాక అందరికీ అర్థమైంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన సభ్యుడొకరి కూతురు బి.ఈ. మెకానికల్ ముగించింది. ఒక పక్క ఫ్యాక్టరీ లైనులో ఉద్యోగం పిలుస్తోంది. పాలిమర్, కాంపోజిట్ ఇంజనీరింగులో ఎం.టెక్ చదవాలని ఆ పిల్ల పట్టుబట్టింది. తండ్రి మమ్మల్ని అడిగిన మాట: "అన్నా, ప్లాస్టిక్‌కి మళ్ళీ రెండేండ్ల చదువా? బకెట్లు చేసేదానికా?" నవ్వుతూ అడిగినా ఆయన దిగులు నిజమే. రెండేండ్ల జీతం పోతుంది, పెండ్లి మాటలు వెనక్కి పోతాయి, చదివినాక పని దొరక్కపోతే ఊరివాళ్ళ నోరు మూయలేం.

మేము తమిళ మీడియంలో చదివి రైల్వేలో గుమాస్తాలుగా పనిచేసినవాళ్ళం. ఇంజనీర్లం కాము. అయినా ఈ వస్తువులు ఒక్కొక్కటిగా రావడం మా కళ్ళతో చూశాం. పార్సిల్ ఆఫీసులో మొదట్లో అన్నీ గోనె సంచులు, వెదురు బుట్టలు, చెక్క పెట్టెలు. మామిడి సీజనులో బుట్టలో గడ్డి పరిచి పండ్లు పెట్టి పైన గోనెపట్ట కుట్టేవారు. తరువాత ప్లాస్టిక్ అల్లిక సంచి వచ్చింది, దాని వెనకే ప్లాస్టిక్ క్రేట్ వచ్చింది. గోనెకు ఎంత దెబ్బ తగిలిందంటే, ధాన్యం, చక్కెర లాంటివాటికి గోనె సంచి వాడాలని 1987లో కేంద్రం చట్టమే తెచ్చింది.

రైలు పట్టా సంగతి ఇంకా ముఖ్యం. చెక్క స్లీపర్లు పోయి కాంక్రీటు స్లీపర్లు వచ్చాక, పట్టాకూ స్లీపరుకూ మధ్య ఒక రబ్బరు ప్యాడ్ పెడతారు. పట్టాను పట్టుకునే క్లిప్ కింద ఒక చిన్న బిళ్ళ ఉంటుంది, లైనర్ అంటారు. సిగ్నల్ కోసం పట్టాలో కరెంటు పారే చోట్ల ఈ బిళ్ళ గాజునార కలిపిన నైలాన్‌ది. వట్టి నైలాన్ అయితే బరువుకు నలుగుతుంది. ఇనుము అయితే కరెంటును ఆపదు. రెండు పనులూ ఒకే బిళ్ళ చేయాలి కాబట్టి నైలాన్‌లో గాజునార కలిపారు. స్లీపరుకు నాలుగు లెక్కన, కిలోమీటరుకు 1,660 స్లీపర్లు ఉన్న లైనులో 6,640 బిళ్ళలు. రైలెక్కేవాళ్ళలో ఒక్కరికీ దాని పేరు తెలియదు.

కాంపోజిట్ అంటే ఇదే. నార ఒకటి, నారను పట్టి ఉంచే జిగురు ఒకటి. మన అవ్వలకు ఇది కొత్త కాదు. వెదురుతో గాదె అల్లి పేడ, మన్ను మెత్తితే అదీ కాంపోజిటే. కొత్తగా వచ్చింది జిగురు. 1907లో బేకెలాండ్ బేకలైట్ చేశాడు. 1920లో స్టాడింగర్ అనే ఆయన ఈ పదార్థాలన్నీ గొలుసుల్లాంటి పొడవైన అణువులు అని చెబితే తోటి శాస్త్రవేత్తలే నమ్మలేదు. నోబెల్ ఇచ్చింది 1953లో.

జిగురులో రెండు జాతులు. ఒకటి బెల్లం లాంటిది, వేడి చేస్తే మళ్ళీ కరుగుతుంది. క్రేట్, సంచి, ఆ నైలాన్ బిళ్ళ ఈ జాతి. ఇంకొకటి ఇడ్లీ లాంటిది, ఒకసారి ఉడికితే మళ్ళీ పిండి కాదు. ఎపాక్సీ ఈ జాతి. విమానాలకు ఎక్కువగా వాడేది ఇదే. పాతబడ్డాక కరిగించి మళ్ళీ వాడుకోలేకపోవడం దీని చిక్కు, ఇప్పుడు చాలామంది పరిశోధన ఆ చిక్కు మీదే.

తండ్రి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఉక్కు రేకు కొంటే దాని బలం ఎంతో ముందే పట్టికలో రాసి ఉంటుంది. కోసి, వంచి, అతికితే సరి. కాంపోజిట్‌లో వస్తువూ, పదార్థమూ ఒకేసారి పుడతాయి. నార ఎటు పరిచామో అటే బలం, అడ్డంగా లాగితే చీలుతుంది. మగ్గం తెలిసినవాళ్ళకు పడుగు, పేక గురించి మేము చెప్పనక్కరలేదు. జిగురు ఎంత వేడిలో ఎంతసేపు ఉడికింది, మధ్యలో గాలి బుడగ మిగిలిందా అనేదాన్ని బట్టి బలం మారుతుంది. అంటే డిజైన్ చేసేవాళ్ళకు మెకానికల్ లెక్కలు, కెమిస్ట్రీ రెండూ రావాలి. బి.ఈ.లో ఈ రెండూ వేరు వేరు గదుల్లో ఉంటాయి. వాటిని కలిపేది ఆ రెండేండ్లు.

ఈ చదువు మనకు దూరపు చదువు కూడా కాదు. మద్రాసు యూనివర్సిటీలో పాలిమర్ కెమిస్ట్రీకి పునాది వేసినవారిలో ముందు చెప్పవలసిన పేరు శాంతప్ప గారిది. ఆయన కర్నూలు జిల్లావారు. భట్నాగర్ బహుమతి పొందారు, మద్రాసు, తిరుపతి యూనివర్సిటీలు రెండింటికీ వైస్ ఛాన్సలర్‌గా చేశారు. 1968లో గిండీలో సిపెట్ మొదలైంది. ప్లాస్టిక్ పని నేర్పడానికి ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్రం పెట్టిన సంస్థ. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో కూడా ఉంది.

క్రోంపేట ఎం.ఐ.టి.లో చదివిన అబ్దుల్ కలాం గారి కథ మీకు తెలిసిందే, అందులో ఒక్క ముక్క చెబుతాం. హైదరాబాదులో క్షిపణి పనికి వాడే తేలిక కాంపోజిట్‌ను నిమ్స్ నుంచి వచ్చిన ఎముకల డాక్టరు ఒకరు చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని తన వార్డుకు తీసుకుపోయాడు. పోలియో పిల్లలు మూడు కిలోలు దాటిన ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. తన పనుల్లో ఎక్కువ ఆనందం ఇచ్చినవాటిలో కలాం గారు దీన్ని చెప్పుకునేవారు.

ఇంకా దగ్గరికి వస్తాం. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో 1987లో ఒక చిన్న కాంపోజిట్ విమానం ఎగిరింది. అమెరికా డిజైనర్ బర్ట్ రుటాన్ నమూనా ఆధారంగా చేసింది. అప్పుడు డైరెక్టర్ రొద్దం నరసింహ గారు. రొద్దం అనంతపురం వైపు ఊరు, పేరు విన్నవెంటనే మనవాళ్ళకు తెలుస్తుంది. ఆ అనుభవంతో వాళ్ళే హంస అనే రెండు సీట్ల శిక్షణ విమానం చేశారు. 1993 నవంబరులో మొదటిసారి ఎగిరింది, 2000లో సర్టిఫికెట్ వచ్చింది. రెక్క, తోక, ఒళ్ళు అన్నీ కాంపోజిట్. దాన్ని తయారు చేసింది ఎక్కడనుకుంటున్నారు? మన హొసూరులో, తళి రోడ్డు బెళగొండపల్లిలో ఉన్న తనేజా ఏరోస్పేస్‌లో. మనలో ఎంతమందిమి ఆ రోడ్డు మీద బస్సులో పోతూ రన్‌వే చూసి, ఎవరో షావుకారు విమానం దిగే చోటు అనుకున్నామో! మన జిల్లా చరిత్ర రాసే పుస్తకాల్లో కోటలు ఉంటాయి, రాజాజీ ఉంటారు, మామిడి ఉంటుంది. ఈ ప్లాస్టిక్ విమానానికి ఒక పేజీ ఇవ్వవచ్చు. హొసూరుకు 40 కిలోమీటర్ల దూరంలోనే తయారైన తేజస్ యుద్ధ విమానం ఒంటి బరువులో సుమారు 45 శాతం కాంపోజిటే. 2001 జనవరి 4న మొదట ఎగిరింది.

ఇక పిల్లలకు పనికొచ్చే మాటలు. గేట్ పరీక్షలో ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరులో పాలిమర్ ఒక భాగంగా ఉంది. గేట్ మార్కులతో ప్రభుత్వ సంస్థలో ఎం.టెక్ సీటు దొరికితే నెలకు 12,400 రూపాయలు స్టైపెండ్. లైను జీతంతో పోలిస్తే తక్కువే, అయినా తండ్రి జేబు మీద పూర్తి భారం పడదు. తమిళనాడు కాలేజీలకు సీటా పరీక్ష ఉంది. సిపెట్ ఉంది, క్రోంపేట ఎం.ఐ.టి.లో రబ్బరు, ప్లాస్టిక్ విభాగం ఉంది, ఎం.ఎస్సీ. వాళ్ళకు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో పాలిమర్ సైన్స్ ఉంది. సీటు దొరికిందని ఏ కాలేజీలో పడితే అందులో చేర్చకండి. ముందు ల్యాబు చూడండి. నమూనాను లాగి తెంపే యంత్రం, పాలిమర్ ఏ వేడికి మెత్తబడుతుందో చూపే యంత్రం పని చేస్తున్నాయా, దుప్పటి కప్పి ఉన్నాయా అని అడగండి. ల్యాబు లేని కాలేజీలో ఈ చదువు కంటే ఫ్యాక్టరీ లైనే మేలు, అక్కడ కనీసం చేతికి పని వస్తుంది.

ఇంగ్లీషు భయం వద్దు. ఎపాక్సీ, రెసిన్ అనే మాటలు కాన్వెంటు పిల్లలకూ కొత్తవే.

మన సంఘం బహుమతులు పదో తరగతి, ప్లస్ టూ దగ్గర ఆగిపోతున్నాయి. వచ్చే సర్వసభ్య సమావేశంలో గేట్ రాసే పిల్లలకు పరీక్ష ఫీజు, సీటు వచ్చినవాళ్ళకు మొదటి సెమిస్టర్ హాస్టల్ ఖర్చు సంఘం నిధి నుంచి ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాం. ఈలోగా వచ్చే నెల మొదటి శుక్రవారం మేము కొందరం పిల్లలను తీసుకుని జోలార్‌పేటలో పొద్దున రైలెక్కి గిండీ పోతున్నాం. రావాలనుకునేవాళ్ళు మార్కుల జిరాక్సు, మధ్యాహ్నానికి సద్ది తెచ్చుకోండి, టిక్కెట్లు మేము తీస్తాం.