రూపం మాసినా మిగిలిన సాక్ష్యం: ఉత్తరాంధ్ర శిలల్లో భూచరిత్ర

1. ప్రవేశిక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చరిత్ర రచన సాధారణంగా శాలిహుండం బౌద్ధారామంతోనో, ముఖలింగం శాసనాలతోనో మొదలవుతుంది. అవి నిలిచిన నేల వయసుతో పోలిస్తే ఆ రెండు వేల ఏళ్లు స్వల్పకాలమే. అయితే ఆ నేలలోని ప్రాచీన శిలలను చదవడంలో ఒక చిక్కు ఉంది. కడప జిల్లా వేంపల్లె శిలల్లో సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవులు కట్టిన పొరలు స్ట్రోమటోలైట్ల రూపంలో నేటికీ కంటికి కనిపిస్తాయి. ఉత్తరాంధ్ర కొండల్లో అటువంటి ఆకృతులు నిలవలేదు. ఆకృతి నశించిన చోట భూచరిత్రను ఏ ఆధారాలతో నిర్మించవచ్చో, ఆ ఆధారాల పరిమితులేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఖోండలైట్ - ఒకనాటి బురద

తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న శిల ఖోండలైట్. 1902లో టి. ఎల్. వాకర్ కలహండి సంస్థానపు శిలలను వర్ణిస్తూ దీనికి ఈ పేరు పెట్టాడు. కోదు గిరిజనులకు ఆనాటి ఆంగ్ల రచనల్లో ఉన్న ‘ఖోండ్’ అనే పేరే దీనికి మూలం. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గ్రాఫైట్ ఇందులోని ముఖ్య ఖనిజాలు. సిల్లిమనైట్‌లో అల్యూమినియం అధికం. శిలలో అంతటి అల్యూమినియం ఉండటానికి మూలం బంకమట్టి అని, అంటే ఖోండలైట్ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద అని భూవిజ్ఞానులు గుర్తించారు. ఆ బురద భూగర్భంలోకి కూరుకుపోయి తీవ్రమైన వేడికి లోనై స్ఫటిక శిలగా మారింది. తూర్పు కనుమల్లో కొన్ని చోట్ల ఆ వేడి 900 డిగ్రీల సెల్సియస్‌ను మించింది. శిలాజాలేవైనా ఉండి ఉంటే, వాటి ఆకృతి ఆ దశలోనే చెరిగిపోయింది.

కాలనిర్ణయానికి మోనజైట్, జిర్కాన్ రేణువులు ఆధారం. వాటిలోని యురేనియం, థోరియం నియతమైన వేగంతో సీసంగా మారుతాయి. ఆ లెక్క ప్రకారం ప్రధాన రూపాంతరం సుమారు 100 నుంచి 90 కోట్ల ఏళ్ల క్రితం జరిగింది. తూర్పు అంటార్కిటికాలోనూ ఇదే కాలానికి చెందిన, ఇదే తరహా శిలలు ఉన్నాయి. రెండు భూభాగాలూ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి ఇది బలమైన సాక్ష్యం. భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలోని మోనజైట్, గార్నెట్ రేణువులు కూడా ఇటువంటి కొండల శిథిలాలే.

3. కోడూరైట్ - మారిన వ్యాఖ్యానం

నేటి విజయనగరం జిల్లాలోని గరివిడి, గర్భాం, కోడూరు ప్రాంతం మాంగనీస్‌కు ప్రసిద్ధి. ఇక్కడ 1892లో తవ్వకం మొదలైంది. ఎల్. ఎల్. ఫెర్మార్ 1909లో ప్రచురించిన బృహద్గ్రంథంలో ఇక్కడి మాంగనీస్ శిలల సముదాయాన్ని కోడూరు గని పేర కోడూరైట్ వర్గంగా వర్ణించి, అది శిలాద్రవం నుంచి పుట్టిందని భావించాడు. తరువాతి పరిశోధకులు అందులో మాంగనీస్‌తో కూడిన అవక్షేపాల పాత్రను గుర్తించారు.

ఈ మార్పు పుట్టుక గురించిన సాంకేతిక వివాదానికే పరిమితం కాదు. ఆక్సిజన్ లేని నీటిలో కరిగి ఉండే మాంగనీస్, ఆక్సిజన్ తగిలినప్పుడు ఆక్సైడ్‌గా అడుగున చేరుతుంది. భూమి మీద ఆ ఆక్సిజన్‌ను తొలుత విస్తారంగా ఉత్పత్తి చేసినవి సయనోబాక్టీరియా. వాతావరణంలో అది చెప్పుకోదగ్గంతగా పెరిగింది సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం. మాంగనీస్ మూలం అవక్షేపమే అయితే, ఈ ఖనిజం సూక్ష్మజీవుల శ్వాసకు కాకున్నా, వాటి కృషి వల్ల మారిన నీటికి పరోక్ష సాక్ష్యం కాగలదు.

4. గ్రాఫైట్ - సాక్ష్యం, సంశయం

ఖోండలైట్‌లోని గ్రాఫైట్ శుద్ధ కార్బన్. జీవులు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా గ్రహిస్తాయి. కనుక ఐసోటోపుల నిష్పత్తి కార్బన్ మూలాన్ని సూచించగలదు. కానీ అధిక ఉష్ణోగ్రత ఆ నిష్పత్తిని మార్చగలదు. భూగర్భంలోని కార్బన్ డయాక్సైడ్ ద్రవాల నుంచి కూడా గ్రాఫైట్ ఏర్పడగలదు. అందువల్ల గ్రాఫైట్ కనిపించినంత మాత్రాన జీవం ఉండేదని తీర్మానించడం తొందరపాటే అవుతుంది. పొరుగు శిలలు, ఖనిజాల కూర్పు, ఐసోటోపులు ఒకే దిశను సూచించినప్పుడే ఆ వాదం నిలుస్తుంది.

5. ముగింపు

ఇక్కడి శిలలు రూపాన్ని పోగొట్టుకున్నా కూర్పును నిలుపుకున్నాయి. అయితే ఆ కూర్పుకు అర్థం శిల ఉన్న స్థానాన్ని బట్టి ఏర్పడుతుంది. కోడూరైట్ పుట్టుకను చర్చించాలంటే అది ఖోండలైట్‌తో కలిసే హద్దును చూడాలి. గని తవ్వకం ఆ హద్దును ఒకసారి బయటపెడుతుంది, మరుసటి దశలో తొలగిస్తుంది. స్థానం నమోదు కాకుండా తరలిపోయిన రాయి, దొరికిన చోటు తెలియని శాసనం వంటిది: అక్షరాలు మిగిలినా సందర్భం పోతుంది. కనుక తవ్వకంతో పాటే శిలాసంబంధాల నమోదు సాగడం ఉత్తరాంధ్ర భూచరిత్ర రచనకు తొలి అవసరం.