పొయ్యి వేడికి తిరిగే పంకా
“మామూ, కట్టెల పొయ్యి మీద పెట్టే కరెంటు లేని పంకాల్లో ఏది మంచిది?” అని కెనడా నుంచి మా భాంజా అడిగాడు. జవాబు తారీఖ్‌లోనే ఉంది.

ఆవిరితో కబాబ్ సీఖ్‌ను తిప్పే తర్కీబ్‌ను ఉస్మానీ సల్తనత్ ఆలిమ్ తఖీయుద్దీన్ 1551 నాటి కితాబులోనే రాశాడు. 1816లో స్కాట్లాండ్ పాదరీ రాబర్ట్ స్టర్లింగ్ వేడి హవాతో నడిచే ఇంజన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1821లో బెర్లిన్‌లో సీబెక్ రెండు లోహాలను కలిపి ఒక అతుకును వేడిచేస్తే, పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. అది కరెంటు పనే.

నేటి పంకాలు ఈ ఇద్దరి ఔలాదే. సీబెక్ రకం తక్కువ వేడికే తిరుగుతుంది, గర్మీ మితిమీరితే లోపలి బిళ్ల ఖరాబవుతుంది. స్టర్లింగ్ రకం ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది, ధరా ఎక్కువే. అందుకే ముందు పొయ్యి ఎంత కాగుతుందో కొలవాలి.

ఏదైనా వేడిని గదంతా పంచుతుందే గానీ పొగను బయటికి పంపదు. జాన్ కాపాడేది శుభ్రమైన పొగగొట్టమే.