లావు అక్షరం, వాలు అక్షరం, మన లిపి

కరపత్రం తయారు చేసేటప్పుడు మనం కంప్యూటర్‌లో ఒక మాటను ఎంచుకుని ‘బి’ గుర్తు నొక్కుతాం, అక్షరం లావవుతుంది. ‘ఐ’ నొక్కితే పక్కకు వాలుతుంది. ఈ రెండు గుర్తుల వెనుక ఐదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మన లిపులను అచ్చులోకి తెచ్చుకుంటున్న ఈ కాలంలో ఆ చరిత్ర మనకు పనికొస్తుంది.

వాలు అక్షరం చేతిరాత నుంచి పుట్టింది. ఇటలీలోని వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త 1501లో వర్జిల్ కావ్యాలను చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. దాని అక్షరాలను చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆనాటి చదువరులు వేగంగా రాసే రాతే అతనికి నమూనా. ఇటలీలో పుట్టింది కనుక దానికి ఇటాలిక్ అనే పేరు వచ్చింది. మొదట పుస్తకమంతా ఆ అక్షరాల్లోనే ఉండేది. ఒక మాటను ప్రత్యేకంగా చూపడానికి వాడటం తర్వాతి అలవాటు.

లావు అక్షరానికి ఊపు వచ్చింది బజారులో. 19వ శతాబ్దం మొదట్లో లండన్ గోడల మీద ప్రకటనలు పెరిగాయి. దూరం నుంచి కనిపించాలని అక్షరాలను లావు చేశారు. 1816లో నాలుగో విలియం కాస్లన్ నమూనా పుస్తకంలో, కొసల్లో చిన్న గీతలు లేని అచ్చు అక్షరాలు కనిపించాయి. వీటినే తర్వాత సాన్స్ సెరిఫ్ అన్నారు.

1957లో పారిస్ నుంచి వెలువడిన యూనివర్స్‌లో ఇవన్నీ ఒకే కుటుంబంగా చేరాయి. అడ్రియన్ ఫ్రుటిగర్ దాన్ని 21 రూపాల్లో గీసి, వాటికి అంకెలు పెట్టాడు. 55 మామూలుది, 56 వాలుది, 65 లావుది, 66 లావుగా వాలినది. ఈ చివరిది ఉపశీర్షికకు, హెచ్చరికకు, ప్రకటనలో ఒక్క మాటకు బాగుంటుంది. పేజీ నిండా వాడితే కళ్లు అలసిపోతాయి.

లావు చేస్తే అక్షరం లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఊరికే వాలిస్తే గుండ్రని గీత ఒకచోట లావుగా, మరోచోట సన్నగా కనిపిస్తుంది. అందుకే మంచి రూపకర్త ప్రతి అక్షరాన్నీ మళ్లీ దిద్దుతాడు. వాలు రూపం లేని ఫాంట్‌లో ‘ఐ’ నొక్కితే, కంప్యూటర్ నిలువు అక్షరాన్నే పక్కకు నెట్టి చూపుతుంది. అందులో దిద్దుబాటు ఏదీ ఉండదు.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. 1936లో మంగే గొమాంగో సవర భాషకు రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపికి 2012లోనే దక్కింది. రెండింటికీ నోటో సాన్స్ ఫాంట్లు ఉన్నాయి కానీ, వాటిలో విడిగా గీసిన వాలు రూపం లేదు. కాబట్టి వాటిని వాలిస్తే వచ్చేది యంత్రం వాల్చిన అక్షరమే. లిపిని మొదటిసారి నేర్చుకునే పిల్లవాడి ముందు అది పెడితే, అసలు రూపం ఏదో అతనికి తెలియకుండా పోతుంది.

కాబట్టి వాచకాల్లో నిలువు అక్షరాలే వాడుదాం. శీర్షికను పెద్ద సైజులో పెడదాం. ముఖ్యమైన మాట కింద గీత గీద్దాం. ఈలోగా లిపి తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని, వేగంగా రాసేటప్పుడు వాళ్ల చేయి ఎటు వాలుతుందో, ఏ గీత కలిసిపోతుందో చూసి భద్రపరుద్దాం. గ్రిఫో తన కాలపు చదువరుల రాతను చూసే అక్షరం చెక్కాడు. మన వాలు అక్షరం కూడా మనవాళ్ల చేతి నుంచే రావాలి.