అజరయ్య బిషప్పు, నంద్యాల సంఘం: ఐక్యతకు రెండు రూపాలు

తెలుగు నేలపై ఆంగ్లికన్ సంఘ చరిత్రలో దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య స్థానం సుపరిచితం. అయితే ఆయన జీవితాన్ని కర్నూలు, కడప జిల్లాల వైపు నుండి పరిశీలిస్తే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. క్రైస్తవ సంఘాల ఐక్యతకు పాతికేళ్లు పాటుపడిన ఆయన అధికార పరిధిలోని నంద్యాల ప్రాంతమే ఆ ఐక్యతకు దూరంగా నిలిచింది. ఆ వైరుధ్యాన్ని పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళైలో జన్మించారు. తండ్రి గ్రామ గురువు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఉంటూ 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు పూనుకున్నారు. ఆ సొసైటీ నైజాం రాజ్యంలోని దోర్నకల్‌ను తన క్షేత్రంగా ఎన్నుకున్నది. 1909లో ఆయన స్వయంగా అక్కడికి వచ్చారు. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చి, ఆ భాషలోనే సేవ సాగించారు. 1910 ఎడిన్‌బరో మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడడం లేదని నిర్భయంగా విమర్శించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు కేంద్రాలుగా ఎస్.పి.జి. మిషన్ పెంచిన సంఘాలు 1920ల ఆరంభంలో దోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరాయి. వీటిలో అత్యధికులు దళితులు. వీటికి పొరుగునే కడప, జమ్మలమడుగు, గుత్తిలలో లండన్ మిషన్ సంఘాలుండేవి. గ్రామాలు, బంధుత్వాలు, కరువులు ఇరువురికీ ఉమ్మడివే. గురుత్వ విధానం మాత్రం వేరు. ఎస్.పి.జి. సంప్రదాయం బిషప్పు హస్తనిక్షేపణను గురుత్వానికి అనివార్యంగా భావించింది. లండన్ మిషన్‌లో బిషప్పులే లేరు.

1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా చర్చలకు అజరయ్య సారథులలో ఒకరు. కులాల చీలికలున్న గ్రామంలో సంఘాల చీలికలు సువార్తకే విఘాతమని ఆయన వాదించారు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినపుడు, బిషప్పు హస్తనిక్షేపణ లేని గురువులను అంగీకరించడం నంద్యాల సంఘీయులలో పెక్కుమందికి సమ్మతం కాలేదు. వారు పాత ఆంగ్లికన్ సంఘంలోనే ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమైంది. దక్షిణ ఇండియా సంఘంలో అది చేరినది 1970లలోనే.

దీనిని విదేశీ మిషన్ల వివాదానికి కొనసాగింపుగా మాత్రమే చూడడం సమంజసం కాదు. సమాజం గౌరవం నిరాకరించిన ప్రజలకు తమ గురువు, తమ ఆరాధనా క్రమం ఆత్మగౌరవ చిహ్నాలై ఉండవచ్చునని ఈ వ్యాసకర్త భావన. మరొక వైపు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఈ సరిహద్దులను ఏనాడో దాటాయి. బాప్టిస్టు శాఖకు చెందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలను ఆంగ్లికన్లూ లండన్ మిషన్ వారూ ఒకే రీతిగా పాడుకున్నారు. గురుత్వం వేరుచేసిన వారిని తెలుగు పాట కలిపింది.

కావున అజరయ్య ఆశించిన ఐక్యత ఒప్పంద రూపంలో నంద్యాలకు ఆలస్యంగా చేరినా, భాషా రూపంలో ముందే ఉండినది. సీమ దళిత క్రైస్తవుల కీర్తనలను, సంఘ పుస్తకాలను సాహిత్య చరిత్రకు ఆధారాలుగా స్వీకరించినపుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.